గాన్స్‌బాయ్‌లో గ్రేట్ వైట్ ఖాయమా?
సముద్రంలో బోనులో ఉండి షార్క్‌లను దగ్గరగా చూసే కేజ్ డైవింగ్ గురించి ఒక వ్యాసం చదివాను. దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్‌కి వెళ్తే గ్రేట్ వైట్ షార్క్‌ను బోను పక్కనే చూడటం ఖాయమని అందులో రాశారు. ఒకప్పుడైతే ఒప్పుకునేవాణ్ణి. 2017లో అక్కడ గ్రేట్ వైట్‌ల కళేబరాలు కాలేయం లేకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టిన రెండు ఓర్కాల (కిల్లర్ వేల్స్) పని అది. ఆ తర్వాత ఆ తీరంలో గ్రేట్ వైట్‌లు అరుదైపోయాయి. నేను వెళ్లినప్పుడు కనిపించినవన్నీ బ్రాంజ్ వేలర్ షార్క్‌లే. అవీ తక్కువవేం కాదు, మూడు మీటర్ల దాకా పెరుగుతాయి, ముఖానికి అంత దగ్గరగా తిరిగితే గుండె ఆగినంత పనవుతుంది. కానీ బుక్ చేసేటప్పుడు ఫొటోలో చూపించింది వేరే షార్క్ కదా! డబ్బు కట్టే ముందు ఈ మధ్య ఏ షార్క్‌లు కనిపిస్తున్నాయో అడగండి. మెక్సికోలోని గ్వాడలూప్ దీవి పేరు కూడా రాశారు, అక్కడ షార్క్ టూరిజాన్ని 2023లోనే ఆపేశారు. గ్రేట్ వైటే కావాలంటే దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవులు నయం. గాన్స్‌బాయ్‌లో స్కూబా డైవింగ్ రాకపోయినా పర్లేదని ఆ వ్యాసంలో అన్నది మాత్రం నిజం. బోను పడవకే కట్టి ఉంటుంది, ఊపిరి బిగబట్టి తల ముంచితే చాలు. షార్క్ కంటే అలలతోనే ఎక్కువ టెన్షన్, వాంతులు రాకుండా మాత్ర ముందే వేసుకోండి.