బాజెలాన్ జడ్జి అడిగిన మాట మనూళ్ళో కూడా అడగాల

లా చదివినోళ్ళకి అమెరికా జడ్జి డేవిడ్ బాజెలాన్ అంటే గుర్తుండేది ఒకటే, డర్హమ్ కేసు. మతి స్థిమితం లేని మనిషి చేసిన నేరానికి బాధ్యుడా కాదా అని పరీక్షలో షార్ట్ నోట్ వస్తాది, మెక్‌నాటన్ రూల్ 1843, డర్హమ్ రూల్ 1954, 1972లో బ్రానర్ కేసులో దాన్ని వదిలేసినారు, అంతే, ఐదు మార్కులు. నాకు దీని మీదే కోపం. ఆయన్ని 1949లో ప్రెసిడెంట్ ట్రూమన్ వాషింగ్టన్‌లో ఉండే ఫెడరల్ అప్పీల్ కోర్టుకి వేసినప్పుడు నలభై ఏళ్ళు, 1962 నుంచి 1978 దాకా ఆ కోర్టుకి చీఫ్ జడ్జి. మనసు బాగలేనోళ్ళ గురించి ఆ బెంచీ మీద కూచుని అంత అడిగిన జడ్జి ఇంకొకరు నాకు తెలీదు. అట్టాంటాయన పనంతా తీసుకొచ్చి నిలబడని ఒక్క రూల్ కింద రాసేస్తే ఎట్లా?

నా లెక్కలో ఆయన అసలు పని 1966లో వచ్చిన రెండు తీర్పులు.

ఒకటి రౌజ్ కేసు. చార్లెస్ రౌజ్ అనే మనిషిని ఆయుధం పెట్టుకుని తిరగతా ఉంటే పట్టుకున్నారు. నేరం రుజువైతే పడే శిక్ష జాస్తి అంటే ఒక సంవత్సరం. కానీ మతి స్థిమితం లేదని నిర్దోషి అన్నారు, అని సెయింట్ ఎలిజబెత్స్ అనే మెంటల్ హాస్పిటల్లో పెట్టినారు, నాలుగేళ్ళయినా బయటికి రాలేదు. నిర్దోషికి నాలుగేళ్ళు! నాకు వైద్యమే చెయ్యడం లేదు, ఇంక ఎందుకు పెట్టుకున్నారు అని ఆయన కోర్టుకి పోతే కింద కోర్టు ఆ మాట వినలేదు. బాజెలాన్ విన్నాడు. మనిషిని బలవంతంగా హాస్పిటల్లో పెట్టేది వైద్యం కోసం, శిక్ష కోసం కాదు, ఆ వైద్యం జరగతా ఉందా లేదా అనేది కోర్టు చూడాల్సిందే అన్నాడు.

రెండోది కేథరిన్ లేక్ కేసు. అరవై ఏళ్ళ పెద్దామె, మతిమరుపు, రోడ్డు మీద తిరగతా ఉంటే పోలీసాయన చూసి తీసుకొనిపోయినాడు. ఆయమ్మ ఎవురికీ హాని చేసే మనిషి కాదు, దారి తప్పతాది, అంతే. దానికి కూడా అదే హాస్పిటల్, అవే తాళాలు. బాజెలాన్ ఏమన్నాడంటే, ఈమెని లోపల పెట్టే ముందు వేరే దారి ఏముందో వెతకాల, వెతకాల్సిన బాధ్యత సర్కారుది, బీదామెది కాదు అన్నాడు. కేసు మళ్ళీ కిందికి పోయింది, వెతికినారు, వేరే చోటు దొరకలేదన్నారు, ఆయమ్మ లోపలే ఉండిపోయింది. లా గెలిచింది, ఆమె గెలవలేదు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు, నిజంగా.

ఇప్పుడు మనూరికొస్తాం. తిరుపతిలో స్టేషన్ ముందర, బస్టాండ్‌లో, సత్రాల వరండాల్లో ఎంతమంది కేథరిన్ లేక్‌లు ఉండారో అందరం చూస్తానే ఉండాం. దర్శనానికని తీసుకొచ్చినోళ్ళు వదిలేసి పోతే మిగిలిపోయినోళ్ళు, యాడినుంచి వచ్చినారో చెప్పలేనోళ్ళు, తమిళమో మరాఠీయో హిందీయో మాట్లాడేవాళ్ళు. వాళ్ళకి ఎవురో పొట్లం ఇస్తారు, ఎవురో దుప్పటి ఇస్తారు, మంచిదే. రోడ్డు మీద వదిలేయబడినోళ్ళు అట్టయితే, హోముల్లో పెట్టేయబడినోళ్ళది ఇంకో కథ.

పుత్తూరు పక్కనుంచి ఒకామె మా ఆఫీసుకొచ్చింది. వాళ్ళక్కని ఒక ప్రైవేట్ హోమ్‌లో పెట్టి ఏళ్ళయింది, బావ నెలనెలా డబ్బులు కడతా ఉండాడు, ఈమెని చూడనీయరు. ఎట్లనో ఫోన్లో తీసుకున్న అడ్మిషన్ కాగితం ఫోటో చూపించింది. కారణం అనే గడిలో "ఫ్యామిలీ రిక్వెస్ట్" అని బాల్ పెన్నుతో రాసుండాది. డాక్టర్ సంతకం దగ్గర ఖాళీ. కింద ఎవురో పెన్సిల్‌తో "ఫ్యామిలీ ఒప్పుకుంటే డిశ్చార్జ్" అని రాసినారు. జబ్బు పేరు ఆ కాగితంలో యాడా లేదు!

మన దేశంలో 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఉంది, 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పేషెంటు ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే కుటుంబం అడిగితే చాలదు. ఇద్దరు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, ఎవురికి వాళ్ళు విడిగా చూసి అవసరమని చెప్పాల. 30 రోజులే గడువు, ఆడమనిషైతే 3 రోజుల్లోపల ఆ చట్టం కింద ఉండే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలియజెయ్యాల, 30 దాటితే బోర్డు పర్మిషన్ కావాల. సెక్షన్ 19 ఇంకా గట్టిగా చెప్తాది, కుటుంబం లేదనో, వద్దందనో, ఇల్లు లేదనో అనే కారణంతో మనిషిని లోపలే ఉంచేదానికి లేదు, హాఫ్‌వే హోమ్‌లు, గ్రూప్ హోమ్‌లు, అంటే హాస్పిటల్లో కాకుండా నలుగురి మధ్య ఉండే చోట్లు, సర్కారే ఏర్పాటు చెయ్యాల అని. 1966లో బాజెలాన్ చెప్పింది ఇదే కదా! కేథరిన్ లేక్‌కి దొరకని చోటు ఏదో ఆ చోటు కట్టమని మన పార్లమెంటు రాసింది. మరి మన జిల్లాలో ఎవురినన్నా అడగండి, హాఫ్‌వే హోమ్ యాడుందని. ఎర్రగడ్డ, వైజాగ్, కాదంటే వేలూరు బాగాయం అని మెంటల్ హాస్పిటళ్ళ పేర్లే చెప్తారు, అంతకు మించి మనోళ్ళ నోట్లో ఇంకో మాట రాదు.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఏమైందో గుర్తుందా? దర్గా పక్కన షెడ్డులో గొలుసులతో కట్టేసినోళ్ళు మంటలొస్తే పరుగెత్తలేక కాలిపోయినారు, 28 మంది. వాళ్ళని కట్టేసినోళ్ళు కూడా బాగుచేస్తామనే చెప్పినారు. పుణ్యక్షేత్రంలో బతికే మనం దీన్ని అస్సలు మరవకూడదు.

డర్హమ్ గురించి కూడా ఒక మాట చెప్పాల, లేకపోతే అన్యాయం. నేరం మనోవ్యాధి వల్ల జరిగుంటే ఆ మనిషి బాధ్యుడు కాదు అనేది ఆ రూల్. ఆయన ఆశ ఏమంటే డాక్టర్లు కోర్టుకొచ్చి ఈ మనిషి లోపల ఏం జరగతా ఉందో విడమరిచి చెప్తారని. వాళ్ళేమో వచ్చి జబ్బు ఉంది, లేదు, దానివల్లే, కాదు అని తేల్చి చెప్పి పోయేది. 1967లో వాళ్ళకి కళ్ళెం వెయ్యాలని చూసినాడు, పని కాలేదు. 1972లో కోర్టు డర్హమ్‌ని వదిలేసినప్పుడు ఆయనా వదిలేద్దామనే అన్నాడు, తాను పెట్టిన రూల్‌ని! ఎంతమంది జడ్జిలకి ఆ ధైర్యం ఉంటాది? మనమేమో మతి స్థిమితం లేనోళ్ళ నేరం గురించి చెప్పే ఐపీసీ సెక్షన్ 84ని కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో సెక్షన్ 22గా నంబర్ మార్చి ఇంకా 1843 నాటి మెక్‌నాటన్ రూల్ దగ్గరే నిలబడి ఉండాం.

ఆయన హద్దు దాటినాడని అనేవాళ్ళు అప్పుడూ ఉండారు, అదే బెంచీలో ఉన్న వారెన్ బర్గర్‌తో ఎప్పుడూ పడేది కాదు, ఆ బర్గరే 1969లో సుప్రీం కోర్టు చీఫ్ జస్టిస్ అయినాడు. ఇట్టాంటి జడ్జిల వల్లే పిచ్చోళ్ళు రోడ్డు మీద పడినారని ఇప్పుడూ అంటారు. సారూ, ఆ తీర్పులు చదవండి. తలుపు తీసి వదిలేయమని ఆయన యాడా చెప్పలేదు. వైద్యం చెయ్యండి, లేదా ఇంకో మంచి చోటు చూపించండి అన్నాడు. ఆ రెండోది కట్టకుండా మొదటిది ఎగ్గొట్టినోళ్ళది తప్పు.

మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవురినైనా ఇట్లా పెట్టుంటే అడ్మిషన్ కాగితం అడగండి. కారణం గడిలో ఏముందో, ఎవురు సంతకం పెట్టినారో, 30 రోజులు దాటిందా, దాటితే బోర్డు ఆర్డర్ ఉందా చూడండి. లేకపోతే బోర్డుకి అర్జీ పెట్టండి, సెక్షన్ 27 కింద వకీలు ఫ్రీ, కోర్టులో లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి పోతే చాలు. పుత్తూరామె అర్జీ మేము రాస్తా ఉండాం, బావ ఫోన్ చేసి మా కుటుంబ విషయంలో మీకేం పని అన్నాడు, అయినా ఆయమ్మ అర్జీ మీద సంతకం పెట్టేసింది.