బొట్టు యాడ పెట్టాలె?

మా ఆఫీసు అంతర్జాతీయ స్థాయికి ఎదిగిందని చెప్పడానికి గర్విస్తున్నాను. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో, కింద జిరాక్స్ షాపు, పైన లగ్గం కార్డులూ ఫ్లెక్సీలూ కరపత్రాలూ డిజైన్ చేసే రెండు గదులు. అందులో నేను ప్రూఫులు దిద్దుతాను. మొన్న దసరాకు మా సేటు పాత విండోస్ కంప్యూటర్లను వెనక గదిలోకి నెట్టి, ముందు గదిలో ఆపిల్ కంపెనీ ఐమ్యాక్‌లు రెండు పెట్టాడు. "హైదరాబాద్‌ల అందరు మ్యాక్ మీదనే చేస్తున్రు. దానికి వైరస్ రాదు" అన్నాడు. ఈ వైరస్ మాట చాయ్ తెచ్చే పిల్లగాడికి కూడా కంఠతా వచ్చేసింది. వైరస్ సంగతేమో గానీ, మాకు తెలుగు రావడం ఆగిపోయింది.

ముందు ఆయుధ పూజ సంగతి చెప్పాలి. ఏటా అయ్యగారు వచ్చి సీపీయూ డబ్బాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన ఒక బంతిపువ్వు ఉంచి పోతారు. ఈసారి కుంకుమ వేలికి అద్దుకుని బల్ల కింద వెతికారు. వెనక వెతికారు.

"సీపీయూ ఏదయ్యా? బొట్టు యాడ పెట్టాలె?"

"అంతా దాంట్లనే ఉంటది పంతులుగారూ" అన్నాడు సేటు మేనల్లుడు. ఈ మహా పరివర్తనకు సలహాదారు ఆయనే.

"డబ్బా లేకుంటే పైసలు తక్కువ కావాలె గదా?"

సేటు ముఖం చూడాల్సింది. ఒక్కొక్కటి లక్ష దాటింది మరి. అద్దానికి పెడదామంటే మేనల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు, గీత పడుతుందట. చివరికి వెనకవైపు తిప్పితే ఆపిల్ గుర్తు కనబడింది. అయ్యగారు వేలు వెనక్కి తీసుకున్నారు. "కొరికిన పండు. ఎంగిలిది. దీనికి బొట్టు పెట్టరాదు." ఆఫీసు మొత్తం మౌనం. టెక్నికల్ సపోర్టుకు ఫోన్ చేద్దామా అని కూడా ఆలోచించారు. అప్పుడు కింది జిరాక్సాయన మెట్ల మీది నుంచే తీర్పు చెప్పాడు: "శబరి ఎంగిలి రాముడు తినలేదా?" బొట్టు పడింది. కొబ్బరికాయ మాత్రం బయట కొట్టించారు. నీళ్లు చిందితే వారంటీ పోతుందట.

తర్వాత ముహూర్తం చూసుకుని మా ఆపరేటరన్నను కూర్చోబెట్టి, "శ్రీరస్తు" కొట్టమన్నారు. ఇక్కడొక తమాషా ఉంది, కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ వాళ్లకు తెలుసు. మేం తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్. అందులోని కీబోర్డు వరసల్లో ఒకదాని పేరే ఆపిల్. అన్న వేళ్లకు ఇరవై ఏళ్లుగా ఆ వరసే అలవాటు. అంటే విండోస్ ముందు కూర్చుని ఇన్నేళ్లూ ఆపిల్ కొట్టిన మనిషి, తీరా అసలు ఆపిల్ ముందు కూర్చోగానే అక్షరం రాని వాడయ్యాడు. స్క్రీన్ మీద పడినవన్నీ ఇంగ్లీషు ముక్కలు, డాలర్ గుర్తులు. "డాలర్లు పడుతున్నయంటే శుభమే" అన్నాడు సేటు. జోకు కాదు, నిజంగానే అన్నాడు.

మ్యాక్ మీద నాకు పగ లేదు. అసలు డీటీపీ పుట్టిందే దాని ఒళ్లో. 1985లో ఆల్డస్ కంపెనీ వాళ్ల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మొదట వచ్చింది మ్యాకింటాష్, అంటే ఈ మ్యాక్ మీదే. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనుక్కుంది, 2001లో పేజ్‌మేకర్ 7 తెచ్చి ఇక చాలనుకుంది. మన దగ్గర మాత్రం సగం లగ్గాలు ఇంకా ఆ పేజ్‌మేకర్ మీదే అవుతున్నాయి. అను ఫాంటు ఫైళ్లను మ్యాక్‌లోకి మోసుకుపోవచ్చు. ఏ కీ నొక్కితే ఏ ముక్క పక్కన ఏ ముక్క అతకాలో చెప్పే మేనేజరు సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్ ఇల్లు విడిచి రాదు. అక్షరాల బొమ్మలు వచ్చాయి, అక్షరాలు కూర్చేవాడు రాలేదు. ఈ ముక్క కొనేముందు అన్నను అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడు. అడగలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా.

తిప్పర్తి నుంచి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చినాయన, అది దూరే సందు కోసం ఐమ్యాక్ చుట్టూ ప్రదక్షిణ చేసి పోయాడు. అది వదిలేద్దాం.

వదలలేనిది దశదిన కర్మ కార్డు. మేనల్లుడు రాత్రికి రాత్రి, ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగులో టైపు చేసి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో పోశాడు. మన లిపుల కోసం అందులో మార్చాల్సిన సెట్టింగ్ ఒకటుంది. మార్చకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. లక్ష్మమ్మ కాస్తా "లక్‌ష్‌మమ్‌మ" అయింది. నాకు ప్రూఫు చూపలేదు. సేటు చూశాడు, "డిజైన్ మస్తుంది" అన్నాడు, ప్రింటుకు పోయింది. పొద్దున ఆమె కొడుకు ఒక కార్డు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. ఏమీ అనలేదు. తల్లి పేరు మీద బొటనవేలు పెట్టి మాకు చూపించాడు, అంతే. ఆ మనిషి ముందు సేటు అన్న మాటేమిటో తెలుసా? "ఆపరేటర్లు అప్‌డేట్ అయితలేరు!"

ఎవరయ్యా అప్‌డేట్ కానిది? ఆ కార్డు మా ఆపరేటరన్న ముట్టుకోనే లేదు. పదహారు వేల జీతానికి పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి పదింటి దాకా, సర్పంచ్ ఎన్నికలొస్తే తెల్లారేదాకా కూర్చుని, ఈ ఊళ్లో పుట్టిన ప్రతి పేరునూ ఒత్తు జారకుండా నిలబెట్టిన మనిషి! యంత్రానికి రెండున్నర లక్షలు దొరికాయి. ఆయనకు నాలుగేళ్లుగా ఇంక్రిమెంటు లేదు. మ్యాక్ నేర్చుకోవాలంటే సొంత ఖర్చుతో హైదరాబాద్ పోవాలట. సిగ్గుండాలి.

ఆ కార్డు అన్నే మళ్లీ కొట్టాడు, వెనక గదిలో పాత కంప్యూటర్ మీద, అరగంటలో. ఇప్పుడు పనంతా అక్కడే. ముందు గదిలో రెండు ఐమ్యాక్‌లూ చేపల తొట్టెల్లా వెలుగుతుంటాయి, కార్డుల కోసం వచ్చినవాళ్లు చూస్తుంటారు. డబ్బాలో వచ్చిన ఆపిల్ స్టిక్కర్లలో ఒకటి సేటు బుల్లెట్‌కు అతికించుకుని, ఇంకొకటి దీపావళి మామూలుతో పాటు అన్నకిచ్చాడు. అన్న దాన్ని తీసుకెళ్లి వెనక గదిలో సీపీయూ డబ్బాకు అతికించాడు, పోయినేటి కుంకుమ బొట్టు పక్కన.