మల్లెలకు మైనస్ మూరలు

(బెంగళూరు, మారతహళ్లి. తెల్లవారితే వరలక్ష్మీ వ్రతం. ప్రసాదరావు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. పెన్సిలు ఇంకా రిటైరు కాలేదు.)

శ్యామల: ఏమండీ, కె.ఆర్. మార్కెట్టుకు వెళ్తున్నాను. ఐదు వందలు ఇవ్వండి.

ప్రసాదరావు: లెక్క కట్టి ఇస్తాను. మల్లెలు మూర ఎంత?

శ్యామల: రేపు వ్రతం కదా, అరవైకి తక్కువ ఇవ్వరు.

ప్రసాదరావు: తిరిగి రావడానికి ఆటోకు కనీసం రెండు వందలు మిగలాలి. మూరలు ఎక్స్ అనుకో. 500 − 60ఎక్స్ ≥ 200.

శ్యామల: నోరు తెరిచిన ఆ కాకి ఎవరండీ?

ప్రసాదరావు: కాకి కాదు, అసమానత గుర్తు. నోరు పెద్దదాని వైపు ఉంటుంది. ఇంగ్లండు గణితజ్ఞుడు థామస్ హారియట్ పుస్తకంలో 1631లో అచ్చయింది. అప్పటికే ఆయన పోయి పదేళ్లు. సమానమైనా ఫరవాలేదని చెప్పే కింది గీతను తర్వాతి వాళ్లు చేర్చారు.

శ్యామల: బతికుండగా అచ్చు వేయిస్తే ఆడవాళ్లు ఊరుకోరని తెలిసే ఉంటుంది.

ప్రసాదరావు: (వినిపించుకోకుండా) −60ఎక్స్ ≥ −300. రెండు వైపులా −60తో భాగిస్తే ఎక్స్ ≥ 5. (సంఖ్యారేఖ గీసి, 5 మీద చుక్క పెట్టి, కుడివైపుకు బాణం లాగాడు.)

శ్యామల: అంటే ఐదు మూరలకు తగ్గకుండా కొనమన్నారు. మీ బాణం కాగితం అంచు దాకా పోయింది. పదిహేను తెస్తాను.

ప్రసాదరావు: ఆగాగు! పది మూరలకే వంద అప్పు పడుతుంది! ఎక్కడబ్బా... ఆఁ! రుణసంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడాలి.

శ్యామల: నేను పూలు అడిగినప్పుడే తిరగబడాలా?

ప్రసాదరావు: మూడు కన్నా ఐదు పెద్దదే. కానీ మూడు వేలు బాకీ ఉన్నవాడు నయమా, ఐదు వేలు బాకీ ఉన్నవాడు నయమా?

శ్యామల: మూడు వేల వాడే. ఐదు వేల వాడు మీ తమ్ముడు. ఇంతవరకూ తీర్చలేదు.

ప్రసాదరావు: వాడి ఊసు ఇప్పుడెందుకు! ఎక్స్ ≤ 5. (బాణం చెరిపి ఎడమవైపుకు లాగాడు.)

శ్యామల: చుక్కను అంత నల్లగా నింపారెందుకు?

ప్రసాదరావు: ఐదు కొన్నా సరిగ్గా రెండు వందలు మిగులుతాయి, అందుకని ఐదు కూడా లెక్కలోదే. రెండు వందల కంటే ఎక్కువ మిగలాలని పట్టుబడితే ఖాళీ సున్న చుట్టేవాణ్ణి. ఐదో మూర నీకు దక్కేది కాదు.

శ్యామల: మహా ఉపకారం. మరి ఆ బాణం సున్నాను దాటి మైనస్ మూడు దాకా పోయిందే. మైనస్ మూడు మూరలంటే?

ప్రసాదరావు: (నెమ్మదిగా) మనమే పూలావిడకు మూడు మూరలు... ఇవ్వడం.

శ్యామల: వ్రతం పూట నన్ను పూలు అమ్ముకురమ్మంటారా?

(ప్రసాదరావు సున్నా దగ్గర గోడలా ఒక గీత గీశాడు. మొదటే గీయాల్సింది.)

శ్యామల: ఇంతకూ ఆ రెండు వందలకు ఆటో ఎంత దూరం తెస్తుంది?

ప్రసాదరావు: 2025 ఆగస్టులో పెంచిన రేటు ప్రకారం మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18. ఈసారి ఎక్స్ అంటే కిలోమీటర్లు. రెండు దాటితే మొత్తం 18ఎక్స్ అన్నమాట. 'మీటరు మీద ఇరవై' ఎలాగూ అడుగుతాడు. 18ఎక్స్ + 20 ≤ 200. ఎక్స్ ≤ 10.

శ్యామల: మార్కెట్టు నుంచి మన ఇల్లు పది కిలోమీటర్ల పైమాటే. మీ నల్లచుక్క దగ్గర దిగి, అక్కడి నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని నడవనా?

ప్రసాదరావు: అది... అంటే...

శ్యామల: అసలు ఆటో ఎక్కుతానని ఎవరన్నారు? 2023 జూన్ 11 నుంచి ఇక్కడ ఆడవాళ్లకు మామూలు బస్సులు ఉచితం. నా ఆధార్‌లో చిరునామా కూడా ఇక్కడిదే. ఆ రెండు వందల చోట సున్నా పెట్టి మళ్లీ కట్టండి.

ప్రసాదరావు: (నీరసంగా) ఎక్స్ ≤ ఎనిమిదీ మూడో వంతు.

శ్యామల: మూడో వంతు మూర ఎవరూ కోసివ్వరు. ఎనిమిది మూరలు, మిగిలిన ఇరవైకి తమలపాకులు.

ప్రసాదరావు: సంచి మోయడానికి నేను రానా?

శ్యామల: మీకు రానూ పోనూ టికెట్టు పడుతుంది. ఏడు మూరలకు దిగిపోతాం. మీరు ఇంట్లోనే ఉండి తమ్ముడికి ఫోన్ చేయండి.