నలభై ఒక్క పేర్లు, ఒక పంక్తి

గత డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం హైదరాబాదులో జరిపిన సేవా కార్యక్రమాల ముగింపు సభకు వచ్చినవారికి ఆ గ్రానైటు ఫలకం నమూనా గుర్తుండే ఉంటుంది. గండిమైసమ్మ చౌరస్తాకు దగ్గర్లోని ఫంక్షన్ హాలులో, వేదికకు ఎడమవైపు, దండ వేసిన సరస్వతీదేవి పటం పక్కన స్టాండు మీద దాన్ని నిలబెట్టారు. ఆ చుట్టుపక్కల ఒక ఊరి ప్రభుత్వ పాఠశాల ఆవరణలో, సైన్యంలో పనిచేస్తూ మరణించిన ఆ ఊరి జవాన్ల స్మారకంగా మనం పెట్టించబోయే రాయి అది. పైన సంఘం చిహ్నం, దాని కింద అధ్యక్ష కార్యదర్శుల ఫొటోలు, తరువాత వజ్ర దాతలు, స్వర్ణ దాతలు, రజత దాతలు అని మూడు వరుసల్లో నలభై ఒక్క పేర్లు, అట్టడుగున ఒకే పంక్తిలో "దేశం కోసం ప్రాణాలర్పించిన వీర జవాన్లకు నివాళి" అన్న మాట.

ఆ రోజు మనం సన్మానించిన విశ్రాంత సుబేదారు గారిది ఆ ఊరే. శాలువా కప్పించుకుని, జ్ఞాపిక చేతిలో పెట్టించుకుని, ఫొటో అయ్యాక అందరిలా కుర్చీలోకి వెళ్లకుండా ఆయన ఆ నమూనా దగ్గర ఆగారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వేలు పెట్టి చదివారు. దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి ఎగిరిన శిక్షణ విమానం ఒకటి ఆ సమయానికే హాలు మీదుగా వెళ్లింది కాబట్టి మైకులో మాట్లాడుతున్నవారు క్షణం ఆగారు, ఆ నిశ్శబ్దంలో ఆయన అడిగిన ప్రశ్న ముందు రెండు వరుసలకూ వినిపించింది: "ఇండ్ల మా పిలగాండ్ల పేర్లు యాడున్నయి సార్?"

సమాధానం ఎవరూ చెప్పలేదు. వ్యాఖ్యాత నవ్వుతూ తరువాతి గాయనిని పిలిచారు. సభ ఆలస్యంగా నడుస్తోంది, ఆ తొందర నాకు తెలియనిది కాదు. అయితే ఇది మరొకరి మీద వేసే నింద కాదని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ ఫలకం పని చూసిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. రాళ్ల దుకాణం నుంచి వాట్సాప్‌లో ప్రూఫు వచ్చినప్పుడు నేను దాన్ని పెద్దది చేసి మరీ చూశాను. స్వర్ణ దాతల వరుసలో నా పేరుకు పడకుండా పోయిన ఒత్తును గుర్తుపట్టి సరిచేయించాను. చనిపోయినవారు ఎందరో, వారి పేర్లేమిటో అడగాలని నాకు తోచలేదు. ముగ్గురట. ఆ సంగతి కూడా సభ ముగిశాక, భోజనాల దగ్గర సుబేదారు గారే చెప్పారు.

అలాంటి ప్రశ్నను నేను చిన్నప్పుడు ఒకసారి అడిగాను. మేము సికింద్రాబాదు తిరుమలగిరిలో లాల్‌బజార్ వెనుక ఉండేవాళ్లం. నాన్న మిలటరీ వర్క్‌షాపులో సివిలియన్ మెకానిక్కు. యూనిఫాం లేని ఉద్యోగమే అయినా ఇస్త్రీ మడత చెడని ఖాకీ చొక్కాతోనే వెళ్లేవారు. ఆదివారం పొద్దున సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి వేసి, నన్ను కూర్చోబెట్టుకుని కంటోన్మెంటు అంతా తిప్పేవారు. దారిలో రాయి మీద అక్షరాలు కనిపిస్తే చాలు, ఆగాల్సిందే. మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన కంటోన్మెంటు కావడంతో అక్కడ రాళ్లకు కొదవలేదు. పాత తెల్లవాళ్ల శ్మశానంలో నాన్న ఒక్కొక్క సమాధి ముందు నిలబడి, ఇంగ్లీషును కూడబలుక్కుంటూ పేరు, దళం, చనిపోయిన తేదీ పైకి చదివి, వయసు లెక్కగట్టి, "ఇరవై రెండేండ్లు" అని నాలుక చప్పరించేవారు. కలరా అనో, జ్వరం అనో రాసి ఉంటే ఇంకొంచెం సేపు నిలబడేవారు. అక్షరాల్లో నాచు పట్టి ఉంటే చీపురుపుల్ల విరిచి గీకేవారు. తనకు సంబంధం లేని దేశం నుంచి వచ్చి, తన దేశాన్ని ఏలిన సైన్యంలో పనిచేసి చచ్చిపోయిన ఒక కుర్రవాడి పేరులోని మట్టిని ఆయన ఎందుకంత శ్రద్ధగా తీసేవారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఒకరోజు, "మనవాళ్ల రాళ్లు ఏవి నాన్నా?" అని అడిగాను. ఆయన పుల్ల పారేసి, చేతులు దులుపుకుని, సైకిలు స్టాండు తీశారు. ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

మనవాళ్లు లేకపోవడం వల్ల రాళ్లు లేకపోలేదు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంత ఎక్కువగా ఉండేవారంటే, ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయి అనే మాటకు బదులు "తిలంగా" అనేవారు. మన పేరే సైనికుడికి సామాన్యనామం అయింది, కానీ ఆ తిలంగాల సొంత పేర్లు మాత్రం నేను చూసిన ఏ రాతికీ ఎక్కలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి, కొన్ని జాతులే యుద్ధానికి పనికివస్తాయన్న సిద్ధాంతంతో తెలుగువారిని చేర్చుకోవడాన్ని బ్రిటిషువాళ్లు బాగా తగ్గించేశారు. మనవాళ్ల పేర్లు రాయనందుకు వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు గత డిసెంబరు దాకా ఉండేది.

మన పిల్లలను ప్రతి వేసవిలో బస్సులో, అమెరికా సైన్యాధికారులను తయారుచేసే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి తీసుకువెళ్లడం మీకందరికీ తెలిసిందే. పులిహోర పొట్లాలు, మంచినీళ్ల సీసాలు, హడ్సన్ నది వంపు దగ్గర గ్రూపు ఫొటో, తిరుగు ప్రయాణంలో అంత్యాక్షరి. నేను అయిదుసార్లు వెళ్లాను, అందులో నాలుగుసార్లు పిల్లల తలలు లెక్కపెట్టడంతోనే సరిపోయింది. అయిదోసారి మా అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని పాత క్యాడెట్ చాపెల్‌లోకి లాక్కుపోయింది. 1836లో కట్టిన ఆ చిన్న ప్రార్థనాలయాన్ని తరువాతి కాలంలో రాయి రాయీ విప్పి, శ్మశానవాటిక దగ్గరకు తరలించి మళ్లీ పేర్చారు. లోపల గోడకు అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనానుల స్మృతి ఫలకాలు వరుసగా ఉంటాయి. వాటిలో ఒకదాని మీద మేజర్ జనరల్ అన్న హోదా, పుట్టిన సంవత్సరం 1740 అన్న అంకె తప్ప పేరు లేదు. అది బెనెడిక్ట్ ఆర్నాల్డ్‌ది. వెస్ట్ పాయింట్ కోటకే అధిపతిగా ఉంటూ 1780లో దాన్ని శత్రువుకు అప్పగించడానికి కుట్ర పన్నినవాడు. అతడు చేసిన సేవను కాదనలేక ఫలకం ఉంచారు, చేసిన ద్రోహాన్ని మరవలేక పేరు వేయలేదు.

ఆ రోజు అది నాకొక చమత్కారంలా తోచింది, ఇంటికి వచ్చి పదిమందికి చెప్పాను కూడా. గండిమైసమ్మ దగ్గర సుబేదారు గారి వేలు ఆ చివరి పంక్తి దగ్గర ఆగినప్పుడు మళ్లీ గుర్తుకు వచ్చింది, ఈసారి చమత్కారంగా కాదు. ఒక సైనిక అకాడమీ దేశద్రోహికి వేసిన శిక్షను మనం ముగ్గురు అమరులకు వేశాం, అదీ సన్మానం చేస్తున్నామనుకుంటూ.

అదే అకాడమీలో ట్రోఫీ పాయింట్ దగ్గర, 1778లో నదికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసులోని 13 లంకెలకు దాపున, బ్యాటిల్ మాన్యుమెంట్ ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో మరణించిన రెగ్యులర్ సైన్యపు అధికారులు, సిపాయిలు 2,230 మంది పేర్లు దాని మీద ఉన్నాయి. 1897లో ఆవిష్కరించిన ఆ స్తంభానికి డబ్బు సైన్యంలోనివాళ్లే చందాలు వేసుకుని కూడబెట్టారు. చందాలు ఇచ్చినవారి జాబితా కోసం నేను దాని చుట్టూ తిరగలేదు. తిరగాలని తోచలేదు కూడా, ఆ పేర్ల మధ్య ఆ ప్రశ్నే పుట్టదు. అక్కడా అన్నీ నిర్వివాదం కావని ఒప్పుకోవాలి. 1852 నుంచి 1855 వరకు ఆ అకాడమీకి సూపరింటెండెంటుగా ఉండి, ఆ తరువాత అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల తిరుగుబాటు సైన్యాన్ని నడిపిన రాబర్ట్ లీ గుర్తులు ఆ ఆవరణలో ఉండాలా వద్దా అన్నది ఇప్పటికీ తెగని తగవే. పేరు ఉంచడమైనా తీయడమైనా ప్రాణం మీదికి తెచ్చుకునేంత విషయంగా వాళ్లు పట్టించుకుంటున్నారన్నది మాత్రం నిజం.

మనలాంటి వలస సంఘాల వారు అక్కడ చేసిన పని కూడా ఒకటుంది. ఆ కోటను కట్టుదిట్టం చేసిన ఇంజనీరు కోషూష్కో పోలండు దేశస్థుడు. ఆయన పేర 1828లో నిలిపిన స్తంభం మీద చాలా ఏళ్లపాటు విగ్రహం లేదు. అమెరికాలో స్థిరపడిన పోలిష్ వారు 1913లో విగ్రహం చేయించి ఇచ్చారు. ఆ విగ్రహం కింద నిలబడి తలెత్తి చూసేవాడికి కనిపించేది కోషూష్కోయే.

అయితే దాతల పేర్లు రాయడమంటేనే నాకు గిట్టదని ఎవరైనా అనుకుంటే అది అబద్ధమవుతుంది. నల్లగొండ జిల్లాలో మా తాతగారి ఊరి శివాలయంలో నాలుగో మెట్టు మీద ఆయన పేరుంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుగానే ఉంది. ఊరికి వెళ్లినప్పుడల్లా ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా ఒక అడుగు ఎక్కువ వేసి ఎక్కుతాను, మా అమ్మాయి చేత కూడా అలాగే ఎక్కించాను. గుళ్లో తిరిగే ఫ్యాను రెక్క మీద, బడిలో నీళ్ల ట్యాంకు మీద, బస్టాపులో సిమెంటు బల్ల మీద పేరు రాయించుకునే మనవాళ్లను చూసి ఇక్కడ పెరిగిన పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించిన దాంట్లోంచి ఇచ్చినవాడు, తన పేరు నలుగురి కంటా పడాలనుకోవడంలో తప్పేముంది? పేరు వేస్తామంటేనే ఈ నలభై ఒక్కమందిలో సగంమందైనా ముందుకు వచ్చారన్నది కోశాధికారి గారు నాతో అన్న మాట, అది నిజమే కావచ్చు. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రధాన భవనానికి సుడాన్ బ్లాక్ అని దాత దేశం పేరే పెట్టారు కదా అని కూడా ఒక మిత్రుడు వాదించారు. నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో సుడాన్ రక్షణ కోసం పోరాడి మరణించిన భారత సైనికుల స్మృతి కోసం ఆ దేశం లక్ష పౌండ్లు ఇచ్చింది, విభజన తరువాత మన వాటాకు వచ్చిన 70,000 పౌండ్లు ఆ భవనానికి ఉపయోగపడ్డాయి. కానీ అక్కడ సుడాన్ అన్న మాట వింటే మనవాళ్లు ఎక్కడికి వెళ్లి చనిపోయారో కూడా గుర్తుకు వస్తుంది. మన వజ్ర దాతల వరుస చదివితే ఎవరు గుర్తుకు వస్తారు?

దుండిగల్ అకాడమీకి 1967లో శంకుస్థాపన చేసినది రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్. శంకుస్థాపన ఫలకం మీద చేసినవారి పేరు ఉండడం సబబే, అది ఆ పని గుర్తుగా పెట్టే రాయి. స్మారక శిల సంగతి వేరు. ఆ పాఠశాల పిల్లలు రోజూ ప్రార్థనకు వరుస కట్టబోయేది దాని ముందే. 2016 జూన్‌లో దేశంలో మొదటిసారి ముగ్గురు యువతులు యుద్ధ విమాన పైలట్లుగా కమిషన్ పొందింది, ఆ పిల్లల నెత్తి మీదుగా విమానాలు పంపే ఆ అకాడమీలోనే. అటువంటి చోట చదువుకుంటున్న పిల్ల తలెత్తి ఆ రాయిని చదివితే తన ఊరివాళ్లు ఎవరో, ఏ రెజిమెంటులో, ఏ హోదాలో, ఎక్కడ, ఏ రోజున పోయారో తెలియాలి. అది తెలుగులో ఉండాలి. న్యూజెర్సీలో ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని పడకగదుల ఇల్లుందో ఆ పిల్లకు అక్కర్లేదు. (ఈ మాట కటువుగా ఉందని ఇంట్లో అన్నారు. తీసేయలేదు.)

వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని రాతపూర్వకంగా కోరాను. రాయి ఇంకా చెక్కలేదు, దుకాణంలో గోడకు ఆనించి ఉంది. పోయిన వారం మా తమ్ముణ్ణి పంపి ఆపించాను. అక్కడ అక్షరానికి ఇంత అని లెక్క కాబట్టి, పేర్లు తగ్గితే ఖర్చు తగ్గుతుందే తప్ప పెరగదు. దాతల జాబితాను పాఠశాల వరండాలో విడిగా ఒక బోర్డు మీద రాయిద్దాం, ఈ పత్రికలో ఒక పూర్తి పేజీ ఇద్దాం, ఫొటోలు కూడా వేద్దాం. ఆ ముగ్గురికీ చోటు చాలదనుకుంటే, దయచేసి నా పేరు ముందు తీసేయండి. ఒత్తుతో సహా.

సుబేదారు గారికి ఫోను చేసి క్షమాపణ చెప్పబోతే ఆయన ఆ మాట సాగనివ్వలేదు, కాగితం, పెన్ను తీసుకోమన్నారు. ఇద్దరి వివరాలు నంబరుతో సహా నోటికే చెప్పి, ఇంటిపేరు ముందు వేయాలని రెండుసార్లు గట్టిగా అన్నారు. మూడో ఆయన పేరు చివర పింఛను కాగితాల్లో "య్య" అని ఉందట, రేషను కార్డులో వట్టి "య" అని ఉందట. ఏది రాయాలో ఆయన భార్యనే అడిగి చెబుతానన్నారు, ఆమె పత్తి ఏరడానికి పోయిందని, పొద్దుగూకాక చేయమని అన్నారు.