ఏనుగు, రెండక్షరాలు

ఒడిశా సరిహద్దులో తెలుగు బతికుందో లేదో చూసి వెళ్దామని అప్పుడప్పుడూ పెద్దమనుషులు కార్లలో వస్తుంటారు. బడికి వెళ్తారు, గ్రంథాలయానికి వెళ్తారు, శాలువా కప్పించుకుని చీకటి పడకముందే వెనక్కి మళ్ళుతారు. చూడాల్సిన చోటు మాత్రం వాళ్ళకి ఎవరూ చూపించరు. అది పర్లాకిమిడిలో పొద్దుటిపూట టీ కొట్టు బల్ల. పాతపట్నం మీదుగా వచ్చిన తెలుగు పేపరు అక్కడ నాలుగు మడతలు పడి, గళ్ళ నుడికట్టు పైకి కనపడేలా ఉంటుంది. మొదటి పేజీలో ప్రభుత్వం కూలినా ఆ బల్ల మీద ఎవరి టీ చల్లారదు. తొమ్మిది అడ్డం దగ్గర అందరిదీ చల్లారుతుంది.

శ్రీశ్రీ దీన్ని పదబంధ ప్రహేళిక అన్నాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నాడు, పేపర్లు పజిల్ అంటాయి, బల్ల మీద 'గళ్ళు' అంటే సరిపోతుంది. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే ఆయన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటిది వేశాడు. 1924లో దీన్ని తిట్టిపోసిన న్యూయార్క్ టైమ్స్ 1942లో తనూ వేయడం మొదలుపెట్టింది. చరిత్ర ఈమాత్రం చాలు. మన బాధ మన గడిలో ఉంది.

ఇంగ్లీషువాడి గడిలో పట్టేది 26 అక్షరాల్లో ఒకటి. మన గడి అలా కాదు. 35 హల్లులకి 12 గుణింతాలు కట్టినా 420 అవుతాయి, వాటికి సున్న పెడితే 840. ఒత్తుల సంగతి ఇంకా ఎత్తనేలేదు. 'స్త్రీ' ఒక్క గడి. 'బరంపురం' నాలుగు, సున్నకి వేరే గడి ఇవ్వరు. 'ఆంధ్రప్రదేశ్' ఐదు, ఆఖరి పొల్లు 'శ్' ఒంటరిగా ఒక గదిలో కూర్చుంటుంది. 'పర్లాకిమిడి' కూడా ఐదే. వాడి గళ్ళు పదిహేను అడ్డం, పదిహేను నిలువు ఉండి, పొడుగాటి మాటలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయంటే, అది వాళ్ళ తెలివి కాదు, వాళ్ళ అక్షరాల దరిద్రం. 840 రకాల గడిలో రెండు మాటలు ఒకే అక్షరం దగ్గర కలవడం మనకి పెళ్ళి సంబంధం కుదరడమంత కష్టం. అందుకే గళ్ళు తయారుచేసే కూర్పరి రెండక్షరాల, మూడక్షరాల మాటలతో సరిపెట్టుకుని మిగతా చోట నల్ల రంగు పూస్తాడు. అందుకే మనకి ఏనుగులు కావాలి.

గజపతి జిల్లావాళ్ళం, ఏనుగు గురించి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. జిల్లా పేరులోనే ఉంది. అయినా 'ఏనుగు (2)' అని ఆధారం పడిన రోజు బల్ల మీద నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఏనుగు అంటే మూడు గళ్ళు, వాడడిగింది రెండు. అమరకోశం దంతి మొదలు పద్మి దాకా ఏనుగుకి 15 పేర్లు చెబుతుంది. వాటిలో తెలుగు గళ్ళలో రెండు గళ్ళు పట్టేవి ఎనిమిది: దంతి, హస్తి, ద్విపం, గజం, నాగం, కరి, ఇభం, పద్మి. ఇక్కడొక రహస్యం ఉంది, శ్రద్ధగా వినాలి. ఈ ఎనిమిదింటికీ మొదటి అక్షరాలు వేరు, రెండో అక్షరాలూ వేరు. నిలువు మాట ఒక్కటి తగిలి ఒక్క గడి నిండితే చాలు, ఏ ఏనుగో తేలిపోతుంది. 'భం' వస్తే ఇభం, 'రి' వస్తే కరి. నుడికట్టులో ఇంత నిజాయితీ గల జంతువు మరొకటి లేదు. అసలు ఏనుగులకి మాత్రం ఈ సంగతి తెలియదు. లఖారీ లోయ నుంచి దిగి అవి శ్రీకాకుళం వైపు చేలల్లో పడినప్పుడు 'ఇభములు వచ్చినవి' అని కేక వేసినవాడు ఒక్కడూ లేడు. 'ఏనుగులొచ్చీసినాయిరా' అనే అన్నారు, అది ఏడు గళ్ళు దాటిపోతుంది కాబట్టి పేపరులో పట్టదు.

ఇంతకీ ఈ మాటలు ఎక్కడ బతుకుతున్నాయి? అసి అంటే కత్తి, అహి అంటే పాము, అలి అంటే తుమ్మెద. ఈ ముగ్గురికీ ఊళ్ళో ఎక్కడా రేషన్ కార్డు లేదు, ఉన్న ఒకే చిరునామా గళ్ళు. పాముని చూసి 'అహి' అన్నవాడిని పాము కరిచేలోపు పక్కవాళ్ళే కరుస్తారు.

దీనికి తోడు 'ము' ఉంది. ఇల్లు కట్టేవాడికి సిమెంటు ఎలాగో కూర్పరికి 'ము' అలాగ. పుస్తకం మూడు గళ్ళు. ఒక గడి మిగిలిపోయిందా, 'పుస్తకము' అయిపోతుంది, నాలుగు. గడి తగ్గిందా, రాముడు 'డు' రాలగొట్టుకుని 'రామ'గా మిగులుతాడు. బహువచనం ఉంటే 'లు' అనే ఇటుక ఎప్పుడూ చేతిలో ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆధారం చదవకుండానే కింద కుడి మూలలో లేతగా 'ము' అనో 'లు' అనో గీసి పెడతారు. తప్పయితే చెరిపేస్తారు, ఒప్పయితే తమ పాండిత్యం అంటారు.

ఇదంతా జరుగుతున్నది ఏ ఊళ్ళో? గిడుగు రామమూర్తి 1880లో రాజావారి బడిలో పంతులుగా చేరిన ఊళ్ళో. మనుషులు మాట్లాడే తెలుగే రాయాలి మొర్రో అని జీవితమంతా పోట్లాడి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. గ్రాంథికం మాత్రం ఊరు వదల్లేదు. పాఠ్యపుస్తకాల్లో ఓడిపోయింది, పత్రికల్లో ఓడిపోయింది, వెనక పేజీలో అరచేతంత చదరంలో దాక్కుని పొద్దున్నే టీ కొట్టుకి వస్తోంది.

ఇక విప్పడం కన్నా వివరించడం కష్టం. జవాబు చెప్పినవాడికి మర్యాద లేదు, ఎందుకో చెప్పినవాడికి ఉంది. ఒక మాదిరి ఆధారం చూడండి: 'తల తిరిగిన తీగ (2)'. ఇందులో మూడు ముక్కలున్నాయి. అర్థం తీగ, పనిముట్టు 'తిరిగిన', ముడిసరుకు తల. త-ల తిరగేస్తే ల-త. ఇది చక్కని ఆధారం, ఎందుకంటే ఆఖరి మాటే జవాబని వాక్యమే చెబుతోంది. దీన్నే 'తల తిరిగితే తీగ' అని రాశాడనుకోండి, జవాబు తలా లతా అన్నది తేలదు. రెండూ రెండు గళ్ళే.

మూడక్షరాల్లో ఈ జబ్బు ముదురుతుంది. పడగ తిరగేస్తే గడప, పలక తిరగేస్తే కలప. 'పాము విప్పేది వెనక్కి నడిస్తే వాకిట్లో అడ్డంగా పడుకుంటుంది (3)' అంటే గడప, గొప్పగా ఉంది. కానీ నిలువు మాట నడిమి గడిలోంచి పోయిందా, అక్కడ దొరికేది 'డ', అది పడగలోనూ ఉంది, గడపలోనూ ఉంది. పలకకీ కలపకీ 'ల' అంతే. కాబట్టి తిరగేసే మూడక్షరాల మాటకి నిలువు మాట మొదటి గడిలోనో మూడో గడిలోనో తగలాలి. ఇది తెలియని కూర్పరి చేతిలో పడి బల్ల మీద స్నేహాలు చెడుతున్నాయి. తడబడిన మాటలకి ఈ గొడవ తక్కువ: 'మరణం తడబడితే మనసుకి హాయి (3)' అంటే రమణం, మొదటి రెండక్షరాలూ చోటు మార్చుకున్నాయంతే. తల తెగిన మాటల్లో నాకు నచ్చింది 'తల తెగినా పెద్దరికం పోని విఘ్నరాజు (4)'. వినాయకుడికి 'వి' తీసేస్తే నాయకుడు. పురాణం తెలిసినవాడికి నవ్వొస్తుంది, తెలియనివాడికి జవాబొస్తుంది. మా పక్క జిల్లా పరువు కాపాడేది కూడా ఒకటుంది: 'బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన కొండ (2)'. వి.వి. గిరి.

హ్రస్వ దీర్ఘాల దగ్గరికొస్తే చట్టం లేదు. 'ఎటునుంచి చదివినా గాలి వస్తుంది (3)' అని వేసి కూర్పరి 'కిటికి' అని రాసుకుంటాడు. జనం రాసేది 'కిటికీ'. దీర్ఘం ఉంటే వెనక నుంచి చదవడం కుదరదు, లేకపోతే నిలువు మాట 'కీలు' పాడవుతుంది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరుపడ్డ ఊరు. దున్న కొమ్ముని కొంగలా, నెమలిలా మలిచే చేతులున్న ఊళ్ళో, ఒక అక్షరానికి ఉండాల్సింది కొమ్మా కొమ్ముదీర్ఘమా అని తేల్చేవాళ్ళు కరువయ్యారు.

ఒడియా బడిలో చదివిన పిల్లాడు బల్ల దగ్గరికొచ్చాక కథ ఇంకా రక్తి కడుతుంది. ఒడియా లిపిలో ఎ, ఏలకి ఒకే అక్షరం, ఒ, ఓలకి ఒకే అక్షరం. కాబట్టి వాడికి నెలా నేలా ఒకటే, దొరా దోరా ఒకటే. జీతం ఎప్పుడొస్తుందంటే 'నేలాఖరికి' అని రాసినా వాడి తప్పు కాదు. మాటలో ఇ, ఈల తేడా కూడా ఒడియా ఎప్పుడో వదిలేసింది. పైగా అకారం అక్కడ ఒకారంలా పలుకుతుంది, వకారం బకారం అవుతుంది. 'అడవి తిరగబడితే కొత్తది' అన్నప్పుడు తాత 'వన తిప్పరా' అంటాడు, పిల్లాడు 'బొనొ' అని రాసుకుని తిప్పితే 'నొబొ' వస్తుంది. అది ఒడియాలో కొత్తదే. అంటే వాడు తప్పు దారిన సరైన ఊరికి చేరాడు, గడిలో మాత్రం పట్టడు. తామరపువ్వు అడిగితే 'కొమొళొ' అంటాడు. మూడు గళ్ళూ నిండుతాయి, ఒక్కటీ సరికాదు.

అయితే న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ణ, ళ అనే రెండక్షరాల దగ్గర వాడే గురువు. ఒడియా వాటిని గట్టిగా పట్టుకుంది. 'వేనువా వేణువా' అని మనవాళ్ళు గింజుకుంటుంటే వాడు పెన్సిల్ లాక్కుని 'ణు' వేసేస్తాడు.

"ఇభమేటి మావా? ఏనుగు కదేటి?" అని వాడే అడుగుతాడు.

"ఏనుగేరా గుంటడా. పేపర్లో ఉన్న ఏనుగు."

ఇంతకన్నా మంచి వివరణ నిఘంటువుల్లో దొరకదు.

సామగ్రి గురించి ప్రభుత్వాలు శ్రద్ధ వహించాలి. పేపరు కాగితం మీద జెల్ పెన్ను పెడితే సిరా పక్క గడిలోకి వలస పోతుంది. బాల్ పెన్ను పాకదు, కానీ దాని తప్పు శాశ్వతం. బల్ల మీద ఒకే కాపీ ఉన్నప్పుడు మొదట వచ్చి బాల్ పెన్నుతో 'గజం' అని రాసి వెళ్ళిపోయేవాడు సమాజానికి చేసే హాని ఇంతా అంతా కాదు. 2బి పెన్సిల్ మంచిది, నొక్కకుండా రాస్తుంది. గట్టి పెన్సిల్ ముల్లు కాగితాన్ని చింపుతుంది, తర్వాత రబ్బరు మిగతా పని పూర్తి చేస్తుంది. ఆరేడు మిల్లీమీటర్ల గడిలో 'స్త్రీ' రాయాలంటే ముల్లు సన్నగానే ఉండాలి, అది వేరే బాధ. నాలుగు, ఐదు అక్షరాల ఆధారాలు ముందు పట్టుకోవాలి, వాటికి పోటీ మాటలు తక్కువ. ఖాళీ పూరించే సామెతలు, ఊళ్ళ పేర్లు తర్వాత. తిరగేసే మాటలు మూల గడి దొరికేదాకా ముట్టుకోకూడదు. రెండక్షరాల సంస్కృతం ఆఖరున, అప్పటికి సగం దానంతటదే నిండి ఉంటుంది. మొదటి గడిలో మొదలెట్టి వరసగా దిగేవాడు ఎన్నికల ఫలితాల రోజు పొద్దున్నే టీవీ పెట్టుకునేవాడి లాంటివాడు, అలసిపోతాడంతే.

అచ్చు తప్పుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నల్ల గడి ఒకటి పక్కకి జరిగితే అడ్డం నంబర్లన్నీ ఒకటి చొప్పున తప్పుతాయి. 'నిన్నటి సమాధానాలు' అని మొన్నటివి పడతాయి. సమాధానం వేస్తారు గాని వివరణ వేయరు. 'రమణం' అని చదివి బల్ల మొత్తం తలాడిస్తుంది, ఎందుకో తెలిసినవాడు ఒక్కడుంటాడు, ఆ రోజు అతని టీ డబ్బులు ఇంకొకరిస్తారు.

గళ్ళు గీయడం తెలిసినవాళ్ళకి మాత్రం మా ప్రాంతంలో కొదవ లేదు. 1931లో వేసిన ఓడొనెల్ కమిటీ ఒడిశాకి సరిహద్దు గీయడానికే పుట్టింది. అయినా ఇప్పుడు ప్రపంచంలోకెల్లా కఠినమైన గడి కోరాపుట్ కొండల మీద, సాలూరు వైపు ఉంది. పేరు కొటియా, 21 ఊళ్ళు. అడ్డం చదివితే ఆంధ్ర, నిలువు చదివితే ఒడిశా. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మనుషులకి రెండు వైపుల రేషన్ కార్డులూ రెండు వైపుల ఓట్లూ వచ్చాయి. నుడికట్టు నియమం ప్రకారం అడ్డానికీ నిలువుకీ పొసిగే అక్షరం ఒక్కటే ఉండాలి. అక్కడ ఇద్దరూ చెరొక అక్షరం రాసి, ఎవరిది వాళ్ళు సరైందంటున్నారు. బాల్ పెన్నుతో.

కూర్పరులకి మా విన్నపం పెద్దదేం కాదు. తిరగేసే మాటకి మూలలో కలయిక ఇవ్వండి. దీర్ఘం ఉందో లేదో ముందే తేల్చుకోండి. 'ము' తగ్గించండి, ఏనుగులు ఉండనివ్వండి, అవి మా జిల్లావే. వారంలో ఒక్కసారి మా మాట ఒకటి వేయండి. అది చేతకాకపోతే ఆధారం మేమే రాసిస్తాం, డబ్బులక్కర్లేదు:

'గొడుగుకి ఒత్వం దించి గుడి కట్టండి, పర్లాకిమిడి పంతులు ప్రత్యక్షమవుతారు (3)'.

వేసిన రోజు పేపరు రెండు కాపీలు పంపించండి. మొదటిది ఎలాగూ ఎవడో వచ్చి 'గజం' అని రాసేస్తాడు.