నల్లమలలో ఎండుటాకు లెక్క

హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరేవాళ్లలో చాలామందికి నల్లమల అంటే, దారిలో పులి కనిపిస్తుందేమోనన్న ఆశ. ఫిబ్రవరి నెలాఖరున మన్ననూరు చెక్‌పోస్టు దాటాక కారు అద్దం దించితే వినిపించేది ఆకుల గలగల. అప్పటికే టేకు మోడై ఉంటుంది. నల్లమద్ది, చిరుమాను ఇంకా రాలుస్తూనే ఉంటాయి. శివరాత్రి ఆ రోజుల్లోనే వస్తుంది. అడవి ఇట్టే అంటుకునే వేళలో, కాలినడకన కొందరు, బండ్ల మీద కొందరు, వేలాది మంది దాని మధ్యగా పోతారు. ఈ నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మాటెత్తితే మనం పులుల సంఖ్య దగ్గరే ఆగిపోతున్నాం. ఆ 2,611 చదరపు కిలోమీటర్ల మంచిచెడ్డలు ముందు తేలేది ఎండుటాకు దగ్గర.

ఇక్కడి మంట చాలావరకు చెట్ల కొనలకు ఎక్కదు. ఆకునూ గడ్డినీ నాకుతూ నేలబారున పాకుతుంది. మర్నాడు చెట్లన్నీ నిలబడే ఉంటాయి కనుక పెద్దగా ఏమీ పోలేదనిపిస్తుంది. మొలకలు, గడ్డి గింజలు, అడవికోడి గుడ్లు ఎవరి కంటా పడవు కదా.

మంటను ఆపేందుకు ఫైర్‌లైన్లు తీస్తారు. దారుల వెంట, కంపార్ట్‌మెంట్ల (అటవీశాఖ అడవిని విభజించుకున్న గడుల) హద్దుల వెంట కొన్ని మీటర్ల వెడల్పున గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మధ్యకు చేర్చి, గాలి లేని తెల్లవారుజామున మంచు పదును ఉండగా కాల్చేస్తారు. చిక్కంతా అదను దగ్గరే. జనవరిలో ఊడ్చేస్తే తర్వాత రాలిన మద్ది ఆకు లైనును మళ్లీ కప్పేస్తుంది. మార్చి దాకా ఆగితే గాలి లేస్తుంది, కాల్చే కుప్పలోంచి ఎగిరిన రవ్వే పక్క అడవిని అంటిస్తుంది. అందుకే ఇది ఒకసారి కోసి బిల్లు పెట్టే పని కాకూడదు, సీజన్‌లో రెండు మూడుసార్లు ఊడవాలి. గాలితో ఆకును ఊదేసే బ్లోయర్లు చదును దారుల్లో బాగా పనికొస్తాయి, రాళ్ల వాలులో చీపురుకట్టే దిక్కు. పైగా మంట వాలు కిందికన్నా పైకి జోరుగా పోతుంది. తన సెగతో పై ఆకును ముందే ఎండబెట్టుకుంటుంది మరి. లోయలో పొగ లేస్తే దానికి ఎగువన నిలబడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఉపగ్రహాలున్నాయిగా అంటారు. ఆ డేటాతో కార్చిచ్చుల మీద కన్నేసే ఎన్‌ఆర్‌ఎస్‌సి (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) మన హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. అయితే ఉపగ్రహాల్లోని విర్స్ అనే పరికరం నేలను చూసే ఒక్కో గడి 375 మీటర్లు, మోడిస్ అనే మరో పరికరానిది కిలోమీటరు. కొమ్మల కింద పాకే సన్నటి మంట అందులో తేలకపోవచ్చు. పైగా ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే తల మీదుగా పోతుంది. ఈలోగా పొగ పసిగట్టేది అడవి లోపలి బేస్‌క్యాంపులో కాపలా ఉండే వాచర్. వాళ్లలో చాలామంది చెంచులు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారని నిందించేదీ చెంచులనే. ఆ అలవాటు ఉన్నచోట ఊడవడానికి చీపురు, చెట్టు కింద పరవడానికి పరదా ఇస్తే పోతుంది. రోడ్డు పక్క పొయ్యి పెట్టి వంట చేసుకుని, నిప్పు ఆర్పకుండా కారెక్కే నగరవాసికి ఏమివ్వాలి?

కాలిన నేలలో లేతగడ్డి మొలిచి దుప్పులు చేరతాయి, కాబట్టి మంట మంచిదేననే వాదన ఉంది. సగం నిజం. పదేపదే కాలితే మొలకలు చచ్చి, వేరు నుంచి మళ్లీ చిగురించే లాంటానా అనే కలుపు పొద ఆ జాగా ఆక్రమిస్తుంది. దాన్ని దుప్పి ముట్టదు.

పులి కన్నా ఈ లెక్క మూషిక జింకకు బాగా వర్తిస్తుంది. 2010లో నెహ్రూ జూపార్కులో, సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్ సాయంతో వీటి సంతానోత్పత్తి మొదలైంది. 2017లో కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఇంచుమించు మూడు కిలోల ప్రాణి, కొమ్ములుండవు. అలికిడైతే చాలాసార్లు కదలకుండా నక్కి ఉండిపోతుంది, పడిపోయిన చెట్ల తొర్రల్లో దాక్కుంటుంది. దుప్పి పరుగెత్తి తప్పించుకోగలదు. మంట దాటిపోయాక కూడా రోజుల తరబడి లోలోపల రాజుకుంటూ ఉండేవి ఆ తొర్ర దుంగలే.