ఉత్తుత్తి కాయిల్‌కు న్యాయం జరగాలి

వైద్య పరిశోధనలో అందరితో సమానంగా చాకిరీ చేసి, అందరికన్నా తక్కువ గౌరవం పొందే పాత్ర ఒకటి ఉంది. దాని పేరు ఉత్తుత్తి కాయిల్, అంటే అసలు చికిత్స పనిచేస్తుందో లేదో పోల్చి చూడటానికి పెట్టే నకిలీ తీగచుట్ట. ఏళ్ల తరబడి చెవిలో హోరుతో, అంటే టిన్నిటస్‌తో, వేగిపోయేవారికి అయస్కాంతంతో మెదడును ప్రేరేపించి ఉపశమనం కలిగించవచ్చునా అన్న విషయమై రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్న ప్రయోగాలలో ఇది అసలు కాయిల్ సరసనే నిలబడింది, దానిలాగే టకటకమన్నది, ఒక పెద్ద పరీక్షలో దానికి ఏమాత్రం తీసిపోలేదు కూడా. అయినా చికిత్స గురించి వేసే ఏ కరపత్రంలోనూ దీని ఫొటో కనిపించదు. ఈ అన్యాయాన్ని పాఠకుల దృష్టికి తేవలసిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోక తప్పదు.

ముందుగా అసలు కాయిల్ ఘనతను ఒప్పుకుందాం. 1831లో శాస్త్రవేత్త ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణను 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ అనే శాస్త్రవేత్త బృందం మనిషి నెత్తిమీదికి తెచ్చింది. తీగచుట్టలో రెప్పపాటుకన్నా తక్కువ సమయంలో బలమైన కరెంటు ప్రవహించి, ఎమ్మారై యంత్రంలో ఉండేంత అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది; అది పుర్రె ఎముకను లెక్కచేయక లోపలికి వెళ్లి మెదడు పైపొరలోని నాడీకణాలను తట్టి లేపుతుంది. ఇందులో కనికట్టు ఏమీ లేదు. కాయిల్‌ను నెత్తిమీద తగిన చోట ఆనించి మీట నొక్కితే, కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి బొటనవేలు అతని ప్రమేయం లేకుండానే ఉలిక్కిపడుతుంది. ఎంత బలానికి వేలు కదులుతుందో చూసి, ఆ మనిషికి ఇవ్వవలసిన మోతాదును దాన్నిబట్టే నిర్ణయిస్తారు. డిప్రెషన్ చికిత్సకు మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే దీనిని అనుమతించింది. బొటనవేలు చెప్పినంత సూటిగా చెవిలోని హోరు సాక్ష్యం చెప్పకపోవడమే ఇక్కడి చిక్కు.

సిద్ధాంతం మాత్రం ముచ్చటగానే ఉంది. వినికిడి తగ్గి చెవి నుంచి రావలసిన సమాచారం సన్నగిల్లినప్పుడు, మెదడులోని శ్రవణ ప్రాంతం తన వాల్యూమ్ తానే పెంచుకుని, ఆ లోపలి గరగరనే శబ్దంగా వింటుందట. అలా అతిగా మేల్కొన్న ప్రాంతాన్ని సెకనుకొక పల్స్ (కాయిల్ వేసే ఒక్క అయస్కాంత తట్టు) చొప్పున తాపీగా తడితే అది సద్దుమణుగుతుందని ఆశ. 2003 ప్రాంతంలో జర్మనీ నుంచి వచ్చిన చిన్న ప్రయోగాలు ఈ ఆశను పెంచాయి. (చిన్న ప్రయోగాలు ఆశను పెంచకుండా ఉండటం అరుదు.) శ్రవణ ప్రాంతంలోని ముఖ్యభాగం మెదడు మడతలో లోతుగా దాక్కుని ఉంటుందనీ, కాయిల్ ప్రభావం రెండు మూడు సెంటీమీటర్లు దాటేసరికి నీరసిస్తుందనీ గుర్తుచేసి శుభకార్యంలో తుమ్మడం మర్యాద కాదు.

ఇక చికిత్స జరిగే తీరు చూడదగినది. నిశ్శబ్దం కోరి వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కదలవద్దని చెప్పి, రెండు చెవుల్లోనూ ఇయర్‌ప్లగ్‌లు కూరుతారు. ఎందుకంటే నిశ్శబ్దాన్ని ప్రసాదించే ఆ యంత్రం పల్స్ పల్స్‌కూ టక్కుమంటుంది, ఆ చప్పుడు నూరు డెసిబెల్స్ దాటగలదు, అది చెవి పక్కనే మోగుతుంది, రక్షణ లేకపోతే వినికిడికే ముప్పు. పూటకు రెండు వేల పల్స్‌లు, సెకనుకొకటి చొప్పున, అరగంటకు పైన. కణత దగ్గరి కండరం ఒక్కొక్క పల్స్‌కూ ముడుచుకుని దవడ అదురుతుంటుంది. బయటి శబ్దాలన్నీ ప్లగ్‌లు మింగేయడంతో, చెవిలోని జోరీగకు మాత్రం పోటీలేని కచేరీ దొరుకుతుంది. రోగి కదలకుండా కూర్చుని, తనకు నయమవుతున్నదని నమ్ముతూ వింటాడు.

అవతలి గదిలో మరొక రోగి సరిగ్గా ఇలాగే కూర్చుని, ఇలాగే నమ్ముతుంటాడు. అతని నెత్తిమీద ఉన్నది మన కథానాయిక. అదే ఆకారం, అదే టకటక. మెదడుకు చేరే అయస్కాంత శక్తి మాత్రం దాదాపు శూన్యం.

ఫలితాన్ని కొలవడానికి మీటరు లేదు. హోరును రోగి తప్ప మరొకరు వినలేరు గనుక పాతికప్రశ్నల పత్రం ఒకటి చేతికిచ్చి, నిద్ర పడుతున్నదా, చిరాకు తగ్గిందా, మాటలు వినడం కష్టంగా ఉందా అని అడిగి మార్కులు వేస్తారు. 2015లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో అసలు కాయిల్ వర్గంలో 32 మందికి 18 మంది మెరుగుపడ్డారు, ఉత్తుత్తి వర్గంలో 32 మందికి ఏడుగురు. అసలు కాయిల్ అభిమానులు ఈ లెక్కను నేటికీ కంఠతా చెబుతారు. ఏమీ చేయకుండానే ఏడుగురిని బాగుచేసిన ప్రతిభను మెచ్చుకునే నాథుడే లేడు. 2017లో జర్మనీలోని పలు కేంద్రాలు కలిసి 163 మందిపై జరిపిన పరీక్షా ఫలితాలు వచ్చాయి. అసలు కాయిల్ ఉత్తుత్తిదానికన్నా మెరుగని తేలలేదు. ఇద్దరూ సమానంగా పరుగెత్తారన్నా, సమానంగా కూర్చున్నారన్నా పతకం పంచవలసిందే కదా! అంతకుముందే, 2014లో, అమెరికాలోని చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ తన మార్గదర్శకాలలో ఈ చికిత్సను మామూలుగా సిఫారసు చేయవద్దని రాసి పెట్టింది. వినికిడి తగ్గితే హియరింగ్ ఎయిడ్, హోరు తెచ్చే వేదనను తగ్గించే మానసిక చికిత్స వంటి సాదాసీదా మాటలు మాత్రం చెప్పింది. కుర్చీ, కాయిల్, తెర లేని వైద్యంపై రోగికి గురి కుదరదని పాపం ఆ పెద్దలకు తట్టలేదు.

ఉత్తుత్తి కాయిల్ వంశం చాలా పాతది. మనిషిలో అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందన్న మెస్మర్ అనే వైద్యుడి వాదాన్ని తేల్చమని ఫ్రాన్స్ రాజు పదహారవ లూయీ 1784లో ఫ్రాంక్లిన్, లవోయిజే వంటి శాస్త్రవేత్తలు ఉన్న సంఘాన్ని నియమించాడు. తోటలో ఒక చెట్టుకు మాత్రమే ‘అయస్కాంత శక్తి’ ఎక్కించి, ఒక కుర్రవాడిని కళ్లకు గంతలు కట్టి వదిలితే, వాడు శక్తి ఎక్కించని చెట్టు దగ్గరే మూర్ఛపోయాడు. సంఘం మెస్మర్ వాదాన్ని కొట్టివేసింది సరే; ఆ పనిని అంత చక్కగా నిర్వహించిన ఉత్తుత్తి చెట్టుకు కనీసం కృతజ్ఞత చెప్పినట్టు లేదు.

కాబట్టి ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. ఉత్తుత్తి కాయిల్‌కు లైసెన్సు ఇవ్వాలి. అరుదుగానైనా అసలు కాయిల్ మూర్ఛ తెప్పించగలదు. దీనివల్ల ఆ భయం లేదు. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే శస్త్రచికిత్సతో అమర్చిన వినికిడి పరికరం, ఉన్నవారిని అసలుదాని దరిదాపులకు రానివ్వరు. దీనికి అటువంటి పట్టింపు ఉండదు. ఫీజు మాత్రం అసలుదానితో సమానంగా ఉండాలి, ఎందుకంటే తగ్గిస్తే రోగికి అనుమానం వస్తుంది, అనుమానం వస్తే గుణం పోతుంది. ఆ ఒక్క బలహీనత దృష్ట్యానే, ఈ వ్యాసం అచ్చయిన ప్రతిని ఏ చికిత్సా కేంద్రపు వెయిటింగ్ హాల్లోనూ ఉంచవద్దని సంబంధిత యాజమాన్యాలను కోరుతున్నాను.